‘గెట్’ క్రియను వాడడం ఎలా?

ఇంగ్లిష్ నేర్చుకొనేవారు ‘గెట్’ అనే క్రియకు నిఘంటువు తెరిస్తే పొందడం, తేవడం, చేరడం, అవడం, అర్థం చేసుకోవడం అంటూ అర్థాలు వరుస కడతాయి. వాటిని బట్టీ పట్టడం వల్ల ప్రయోజనం తక్కువ. ‘గెట్’ తరువాత ఎటువంటి మాట వచ్చిందో గమనిస్తే, అది ఏ అర్థంలో ఉందో చాలావరకు దానంతటదే తేలుతుంది.

నామవాచకం వస్తే అందడం, దొరకడం, కొనడం, తేవడం వంటి అర్థాలుంటాయి. ‘ఐ గాట్ యువర్ లెటర్’ అంటే మీ ఉత్తరం నాకు అందింది. ‘షి గాట్ ఎ జాబ్’ అంటే ఆమెకు ఉద్యోగం దొరికింది. తెలుగులో ఉత్తరమూ ఉద్యోగమూ కర్తలు కాగా మనిషికి ‘కు’ చేరుతుంది. ఇంగ్లిష్‌లో మనిషే కర్త. అందుకే ‘నాకు జలుబు చేసింది’ అనే వాక్యం ‘ఐ గాట్ ఎ కోల్డ్’ అవుతుంది.

విశేషణం వస్తే స్థితి మారిందని అర్థం. ‘హి వాజ్ యాంగ్రీ’ అంటే అతను కోపంగా ఉన్నాడు. ‘హి గాట్ యాంగ్రీ’ అంటే అతనికి కోపం వచ్చింది. ‘ఇట్ ఈజ్ గెట్టింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోంది. ‘నాకు ఆలస్యమవుతోంది’ అనడానికి మనలో చాలామంది ‘ఐ యామ్ గెట్టింగ్ లేట్’ అంటారు గాని, బ్రిటన్, అమెరికా వాడుకలో ‘ఐ యామ్ రన్నింగ్ లేట్’ అనడమే సహజం.

చోటు పేరు వచ్చినప్పుడు చేరడమని అర్థం, మధ్యలో ‘టు’ ఉండాలి: ‘గెట్ టు ది స్టేషన్’. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ అనే మాటలకు ఆ ‘టు’ అక్కర లేదు.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ప్రేరణార్థక ప్రయోగం మీద. తెలుగులో ‘చేశాను’, ‘చేయించాను’ అనే భేదాన్ని క్రియలోనే చూపుతాము. ఇంగ్లిష్‌లో ఆ ‘ఇంచు’ పనిని ‘గెట్’ చేస్తుంది. ‘ఐ రిపేర్డ్ ది రూఫ్’ అంటే పైకప్పును నేనే బాగుచేశానని, ‘ఐ గాట్ ది రూఫ్ రిపేర్డ్’ అంటే మరొకరి చేత బాగుచేయించానని అర్థం. ఇక్కడ మాటల వరుస ముఖ్యం. ‘ఐ గాట్ రిపేర్డ్ ది రూఫ్’ అనకూడదు. ఎవరి చేత చేయించారో చెప్పదలిస్తే ‘ఐ గాట్ హిమ్ టు రిపేర్ ది రూఫ్’ అనాలి. ఇందులో అతనికి నచ్చజెప్పి ఒప్పించారన్న ఛాయ ఉంటుంది. ‘టు’ లేకుండా ‘ఐ మేడ్ హిమ్ రిపేర్ ది రూఫ్’ అంటే బలవంతాన చేయించినట్టు ధ్వనిస్తుంది. అయితే ‘హి గాట్ హిజ్ ఫింగర్స్ కాట్ ఇన్ ది డోర్’ అనే వాక్యం అదే అచ్చులో ఉన్నా, తలుపులో వేళ్లు పెట్టించుకున్నాడని కాక, పడ్డాయని మాత్రమే అర్థం చేసుకోవాలి. ప్రేరణమో ప్రమాదమో సందర్భమే చెబుతుంది.

వాహనాల విషయంలో బస్సు, రైలు, విమానం వంటి, లోపల నిలబడి నడవగలిగే వాటికి ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’ అనీ, కారుకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’ అనీ వాడతారు. ‘దిగు’ అనే మాట ప్రభావంతో మనం అనే ‘గెట్ డౌన్’ చెట్టు మీది నుంచి, నిచ్చెన మీది నుంచి దిగడానికైతే సరిపోతుంది. ‘గెట్ మ్యారీడ్’ తరువాత ‘విత్’ కాక ‘టు’ రావాలి.

భూతకాల రూపం ‘గాట్’. ‘హ్యావ్’ తరువాత బ్రిటిష్ వారు ‘గాట్’ అనే వాడతారు. అమెరికన్లు ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించానని, ‘ఐ హ్యావ్ గాట్ ఎ కార్’ అంటే కారు ఉందని వేరు చేస్తారు. ‘గాటెన్’ కొత్త మాట కాదు, బ్రిటన్‌లో చాలావరకు వాడుక తప్పి అమెరికాలో నిలిచిన పాత రూపం.

సంభాషణలో ఇంత చలామణీ ఉన్న ఈ క్రియను దరఖాస్తులలో, నివేదికలలో తగ్గించి, సందర్భాన్ని బట్టి ‘రిసీవ్’, ‘అబ్టైన్’, ‘బికమ్’ వాడడం మేలు. స్నేహితునికి ‘ఐ గాట్ యువర్ లెటర్’ అని రాసేవారు అధికారికి ‘ఐ హ్యావ్ రిసీవ్డ్ యువర్ లెటర్’ అని రాస్తారు.