జపాన్‌లో ‘మీది ఏ మతం?’ అని అడిగే ముందు

కొత్తగా జపాన్ వచ్చినవాళ్లకి గది వెతకడం, చెత్త వేరు చేయడం చెప్పేవాళ్లు దొరుకుతారు. ఇక్కడివాళ్లు దేన్ని మంచి అనుకుంటారో, దేనికి నొచ్చుకుంటారో చెప్పేవాళ్లు తక్కువ. నాకు అది మా ఇంటి ఓనరు, ఒక పెద్దావిడ వల్ల తెలిసింది.

“మీది షింతోనా, బౌద్ధమా?” అని అడిగాను. షింతో అంటే జపాన్ సొంత పాత మతం. ఆవిడకి ఏం చెప్పాలో తోచలేదు. లోపలికి పిలిచి చూపించారు. గోడకి పైన షింతో దేవతల చిన్న మందిరం, కమిదన. పక్క గదిలో బుత్సుదాన్, అంటే ఇంట్లో పెట్టుకునే బౌద్ధ మందిరం, అందులో బుద్ధుడు, దగ్గరే పోయిన భర్త ఫొటో. ముందు చిన్న గిన్నెలో అప్పుడే వండిన అన్నం, ఇంకా పొగలు వస్తోంది. పొద్దున్నే రెండుచోట్లా దణ్ణం పెట్టుకుంటారట.

ఈ రెండిటితో పాటు ఇక్కడ మూడోది కూడా ఉంది, పాత చైనా గురువు కన్ఫ్యూషియస్ బోధ. దానికి ఇంట్లో మందిరం ఉండదు. అది పెద్దాచిన్నా మర్యాదలో ఉంటుంది. ఆఫీసులో మీకంటే ముందు చేరినవాళ్లు సెన్‌పాయ్, అంటే సీనియర్లు, వయసులో చిన్నవాళ్లైనా సరే. ఇలా వేర్వేరు బోధలు కలిసిపోవడం చాలా పాతది. జపాన్ యువరాజు షోతొకు 604లో రాశాడని చెప్పే 17 నియమాల్లో మొదటిది ‘వా’, అంటే సామరస్యం. ఆ మాట కన్ఫ్యూషియస్ సంప్రదాయానిది. రెండోది బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని గౌరవించమంటుంది.

నాకు బాగా నచ్చింది నినొమియా సొన్‌తొకు (1787-1856) చెప్పిన పోలిక. అప్పుల్లో మునిగిన పల్లెల్ని నిలబెట్టిన మనిషి ఆయన. తన బోధ ఒక మందు గుళిక అన్నాడు: షింతో ఒక చెంచా, కన్ఫ్యూషియస్ బోధ, బౌద్ధం చెరో అర చెంచా. మన త్రికటు చూర్ణమే గుర్తొచ్చింది నాకు. నూరాక శొంఠి ఏదో, మిరియం ఏదో ఎవరు చెప్పగలరు? పాత బడుల ముందు కట్టెలమోపు వీపున మోస్తూ పుస్తకం చదివే పిల్లాడి విగ్రహం కనిపిస్తే, అది ఆయనదే.

గుళ్లో మాత్రం తేడా తెలిసి ఉండాలి. షింతో గుడి, అంటే జిన్‌జాలో చేతులు, నోరు కడుక్కుని, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి. బౌద్ధుల గుడి, అంటే తెరాలో చప్పట్లు వద్దు, చేతులు జోడిస్తే చాలు.

డిసెంబరు 31 రాత్రి దగ్గర్లోని తెరాకి వెళ్లండి. మనసులోని 108 క్లేశాలు పోవాలని 108 సార్లు గంట కొడతారు. కొన్నిచోట్ల మనల్నీ కొట్టనిస్తారు. అది అయ్యాక చాలామంది కొత్త సంవత్సరం మొక్కు కోసం నేరుగా జిన్‌జాకి నడుస్తారు. మీరూ వాళ్ల వెంట వెళ్లండి. క్యూ ఆరుబయటే, చలి గట్టిగా ఉంటుంది, మందపాటి కోటు వేసుకోండి.