ప్రాంతీయ ఆర్థిక అనుసంధానానికి నాయకత్వం – మూడవ పాఠం: నష్టాల పద్దు రాయడం

స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం, కస్టమ్స్ యూనియన్, ఉమ్మడి విపణి అనే మూడు మెట్లను గత పాఠంలో చూశాం. మొదటి మెట్టులో సభ్యదేశాలు తమలో తాము సుంకాలు ఎత్తివేసుకుంటాయి. రెండవ మెట్టులో బయటి దేశాల సరుకు మీద అన్నీ కలిసి ఒకే సుంకం వేస్తాయి. మూడవ మెట్టులో మనుషులకూ పెట్టుబడికీ కూడా సరిహద్దులు తెరుస్తాయి. ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని ఒక్కటే. చర్చలకు కూర్చోకముందే, ఈ ఒప్పందం వల్ల ఎవరు నష్టపోతారు, ఎంత నష్టపోతారు, ఎంతకాలం నష్టపోతారు అన్నది కాగితం మీద పెట్టడం.

లాభాల పద్దు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. దాన్ని రాసిపెట్టడానికి ప్రాంతీయ కూటముల సచివాలయాలూ, సాయమందించే విదేశీ దాతలూ పోటీపడతారు. నష్టాల పద్దును మాత్రం అడిగేవారు ఉండరు. అడగకుండానే రాసి సభ్యుల ముందు పెట్టడం నాయకత్వం వహించేవారి మొదటి బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎందుకో తూర్పు ఆఫ్రికా చరిత్ర చెబుతుంది. కెన్యా, ఉగాండా, టాంజానియా దేశాలు 1967లో తూర్పు ఆఫ్రికా సమాజం అనే కూటమిని ఏర్పరచుకుని, రైల్వేలను, ఓడరేవులను, తపాలాను, విమానయాన సంస్థను ఉమ్మడిగా నడిపాయి. అంతటి బంధం పదేళ్లు తిరగగానే, 1977లో తెగిపోయింది. 1971లో ఉగాండాలో ఇదీ అమీన్ అధికారాన్ని చేజిక్కించుకున్న తరువాత టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే అతనితో కలిసి కూర్చోవడానికి ఒప్పుకోకపోవడం ఒక కారణం. అయితే అంతకంటె లోతైన కారణం, పరిశ్రమలు ఎక్కువగా కెన్యాలోనే ఉండడం వల్ల ఉమ్మడి విపణి ఫలితం అక్కడికే చేరుతోందన్న భావన మిగిలిన ఇద్దరిలో ఏళ్ల తరబడి పేరుకుపోవడం. మూడు దేశాలు మళ్లీ కలిసి 1999లో కొత్త ఒప్పందం రాసుకున్నప్పుడు, పాత సమాజం కూలడానికి కారణాలను దాని పీఠికలోనే నమోదు చేశాయి: రాజకీయ సంకల్పం కొరవడడం, ప్రైవేటు రంగానికీ పౌరసమాజానికీ పాత్ర లేకపోవడం, అభివృద్ధి స్థాయిల్లోని తేడాల వల్ల ప్రయోజనాల పంపకం సమంగా లేకపోవడం. తమ వైఫల్యాన్ని ఒప్పంద పత్రంలోనే ఇంత స్పష్టంగా ఒప్పుకున్న ప్రభుత్వాలు అరుదు. ఈ రంగంలో పనిచేయదలచినవారు ఆ పీఠికను ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఆ ఒప్పుకోలు 2005లో మొదలైన కస్టమ్స్ యూనియన్‌లో నిబంధనగా మారింది. ఉగాండా, టాంజానియాల సరుకు కెన్యాలోకి మొదటి రోజు నుంచే సుంకం లేకుండా వెళ్లింది. కెన్యా సరుకులో సున్నితమైనవిగా గుర్తించిన వాటికి మాత్రం ఆ రెండు దేశాలూ ఐదేళ్లపాటు సుంకం కొనసాగించి, ఏటేటా తగ్గించుకుంటూ పోయాయి. ఉగాండా విషయంలో అది 10 శాతంతో మొదలై 8, 6, 4, 2 మీదుగా సున్నాకు చేరేలా రాసుకున్నారు. దీన్ని దగ్గరగా చూద్దాం. ఆ జాబితాలోని ఒక పెట్టె సరుకు విలువ 1,000 షిల్లింగులు అనుకోండి. కెన్యా నుంచి ఉగాండాకు వస్తే మొదటి ఏడాది దాని మీద 100 షిల్లింగుల సుంకం పడుతుంది. రెండవ ఏడాది 80, మూడవ ఏడాది 60. ఆరవ ఏడాది ఏమీ పడదు. అదే పెట్టె ఉగాండా నుంచి కెన్యాకు వెళితే ఏ ఏడాదీ ఏమీ పడదు. ఇక్కడ 100 షిల్లింగుల కన్నా విలువైనది గడువు. తనకు దొరికిన రక్షణ ఎంతో, అది ఏ రోజున ముగుస్తుందో ఉగాండా కర్మాగార యజమానికి ముందే తెలుసు. తన వంతు ఎప్పుడు వస్తుందో కెన్యా ఎగుమతిదారుకూ తెలుసు. గడువు లేని మినహాయింపు ఇస్తే దాన్ని తీసివేయడం ఎవరి తరమూ కాదు.

సుంకం కోల్పోయే ఖజానాల సంగతి వేరు. దక్షిణాఫ్రికా, దాని పొరుగు దేశాలు కలిసి 1910 నుంచి నడుపుతున్న కస్టమ్స్ యూనియన్‌లో వసూలైన సుంకాలు ఉమ్మడి నిధిలో చేరి, ఒక సూత్రం ప్రకారం ఐదు దేశాలకు అందుతాయి. ఆ యూనియన్ 2002 ఒప్పందం ఎక్సైజ్ (లోపల తయారయ్యే సరుకు మీద వేసే పన్ను) రాబడిలో కొంత భాగాన్ని అభివృద్ధి వాటాగా విడదీసి, తలసరి ఆదాయం తక్కువగా ఉన్న దేశానికి ఎక్కువ దక్కేలా చేసింది. ఏర్పాటు న్యాయమైనదే. కాని లెసోతో, ఎస్వతీని వంటి చిన్న దేశాల బడ్జెట్లు దీని మీదే ఆధారపడిపోయి, 2009 నాటి ప్రపంచ మాంద్యంలో దిగుమతులు పడిపోయినప్పుడు తీవ్రంగా దెబ్బతిన్నాయి. కాబట్టి పరిహారం రాసేటప్పుడు అది ఎక్కడి నుంచి వస్తుందో, ఆ ఊట ఎండితే ఏం చేయాలో కూడా అదే వరుసలో రాయండి.

ఇక సాయం చేసే భాగస్వాముల, అంటే దాతల విషయం. విదేశీ సాయం ఎలా సాగాలన్న దాని మీద దాతలూ, సాయం పొందే దేశాలూ కలిసి చేసిన 2005 నాటి పారిస్ ప్రకటన, సాయం పొందే దేశమే తన ప్రణాళికకు యజమాని కావాలని చెప్పింది. ఆచరణలో అది ఎలా ఉంటుందో చిరుండు దగ్గర చూడవచ్చు. జాంబెజీ నది మీద, జాంబియా, జింబాబ్వేల మధ్య ఉన్న ఈ సరిహద్దు దారిలో 2009 డిసెంబరులో ఒకే చోట తనిఖీ పద్ధతి మొదలైంది. అంతకుముందు లారీ ఒక ఒడ్డున ఆగి నిష్క్రమణ కాగితాలు, రెండవ ఒడ్డున మళ్లీ ఆగి ప్రవేశ కాగితాలు చేయించుకోవలసి వచ్చేది. ఇప్పుడు ప్రవేశించే దేశంలోనే రెండు దేశాల అధికారులూ పక్కపక్కన కూర్చుని ఆ పని ముగిస్తారు. జపాన్ సహకార సంస్థ వంటి దాతలు దీనికి తోడ్పడ్డారు. కాని పొరుగు దేశపు నేల మీద తమ అధికారి చట్టబద్ధంగా పనిచేయగలగాలంటే రెండు పార్లమెంట్లూ చట్టాలు చేయాలి, ఆ పని ఏ దాతా చేసిపెట్టలేడు. దాతతో మాట్లాడేటప్పుడు డబ్బు కొనగలిగేదేదో, కొనలేనిదేదో మీరే ముందుగా విడదీసి చెప్పాలి. అలా చేయకపోతే భవనం లేచి నిలబడుతుంది, లారీలు మాత్రం పాత వరుసలోనే ఆగుతాయి.

ఈ వారం అభ్యాసం. మీకు పరిచయమున్న రెండు పొరుగు దేశాలను, వాటి మధ్య నడిచే ఒక సరుకును ఎంచుకోండి. సుంకం రేపే ఎత్తివేస్తే నష్టపోయేవారిని వరుసగా రాయండి: ఉత్పత్తిదారు, అతని దగ్గర పనిచేసేవారు, ఖజానా, సరిహద్దులో కాగితాల పని మీద బతికే ఏజెంట్లు. ప్రతి పేరుకు ఎదురుగా నష్టం ఎంత, ఎన్నేళ్లు, పరిహారం ఏమిటి, దాన్ని ఎవరు భరిస్తారు, ఏ తేదీన ముగుస్తుంది అన్నవి నింపండి. తేదీ నింపలేకపోయిన వరుసలను చెరిపివేయకుండా గుర్తుపెట్టి ఉంచండి. నాలుగవ పాఠంలో చర్చల ముసాయిదాను ఆ వరుసలతోనే మొదలుపెడతాం.