సొంత బోరుబావి: యజమాని మీదుండే బాధ్యతలు
సొంత బోరు నీటిని పరీక్ష చేయించే బాధ్యత సాధారణంగా యజమానిదే. ఏడాదికోసారి, వరద నీరు బోరును ముంచితే వెంటనే ల్యాబుకు పంపండి. 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి (నీటిలో మలం కలిసిందని చెప్పే బాక్టీరియా) అసలు కనిపించకూడదు. ఎరువులు, మురుగు నుంచి నీటిలో చేరే నైట్రేట్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 50 మిల్లీగ్రాములు. మరిగిస్తే అది పోదు, ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లలకు చాలా ప్రమాదం.

అనుమతి పత్రాలు, పరీక్ష నివేదికలు దాచి ఉంచండి. తగాదా వస్తే అవే ఆధారం.

వాడని బోరును తెరిచి వదిలేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. పిల్లలు పడిపోతారు, మురుగు నేరుగా భూగర్భ జలంలో కలుస్తుంది. పైనుంచి మట్టి పోస్తే మధ్యలో ఇరుక్కుని కింద ఖాళీ మిగులుతుంది. మోటారు, పైపులు తీయించి, అడుగుదాకా గొట్టం దింపి, సిమెంటు గ్రౌటును (నీళ్లతో కలిపిన పల్చటి సిమెంటు ముద్దను) కిందనుంచి పైకి నింపించండి.