ఎండాకాలం ముక్కుగొట్టం ఫీడు: మంచం దగ్గర ఉండేవాళ్లకి జాగ్రత్తలు

పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం వైపు ఎండలు ముదిరాయంటే ఇంటింటా పొఖాళొ, అంటే నీళ్లలో నానబెట్టిన చద్దన్నం. ఒడియావాళ్లు మార్చి 20న దానికో పండగరోజే పెట్టుకున్నారు. చద్దన్నం మనకీ కొత్తేం కాదు. ఆ అలవాటుతోనే ఆసుపత్రిలో మిగిలిన చోడిజావని చూసి "పొద్దున్న కాచిందే కదా" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

మా మావయ్యగారికి పక్షవాతం వచ్చి రైల్స్ ట్యూబు, అంటే ముక్కులోంచి కడుపులోకి వెళ్లే గొట్టం వేశారు. మే నెల. పొద్దున్న ఏడింటికి ఫ్లాస్కులో పోసి తెచ్చిన జావనే పదకొండుకీ, మూడింటికీ పట్టాను. మూడోరోజుకి విరేచనాలు. మందుల వల్ల కూడా కావచ్చన్నారు సిస్టరు, కానీ ముందు ఫ్లాస్కు మూత తీసి చూశారు. జావ గోరువెచ్చగా ఉంది. క్రిములకి అంతకన్నా హాయి లేదట. 5 నుంచి 60 డిగ్రీల మధ్య అవి పెరుగుతూనే ఉంటాయి. అనువైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యేవీ ఉన్నాయి. ఆ లెక్కన ఒక్కటి 4 గంటల్లో 4,096 అవుతుంది. వాసన మారకపోవచ్చు, రుచి చెప్పడానికి రోగి నోటితో తినడం లేదు.

పైగా అలాంటివాళ్లకి గ్యాసు మాత్రో ఇంజక్షనో నడుస్తుంటుంది. కడుపులో ఆమ్లం తగ్గితే క్రిముల్ని చంపేది ఏది? గొట్టం పేగు దాకా వేసినవాళ్లకైతే ఆ కాపలా అసలే లేదు.

ఇంట్లో మిక్సీ పట్టిన ఫీడు బయట 2 గంటలు దాటనివ్వకండి. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. డబ్బాలో వచ్చే ఫీడు పొడి కలిపినది 4 గంటలు. పొడి డబ్బా సీలు చూసి మోసపోకండి, లోపలి పొడి క్రిమిరహితం కాదు. కాచి చల్లార్చిన నీళ్లతో, ఏ పూటకాపూట కలుపుకోండి. సీలుతో వచ్చే సంచీ ఫీడుకి దానిమీద రాసిన గంటలే లెక్క. సంచీలో పాతది మిగిలుండగా కొత్తది పోయకండి. ఇది చాలామంది చేసే పనే, మిగిలినదంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. మళ్లీ మరిగిస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే, కొన్ని క్రిములు వదిలిన విషం మరిగినా పోదు.

సిరంజి వెనక్కి లాగి నల్లరబ్బరు అంచు చూడండి. తెల్లగా, జిగురుగా పొర కనిపిస్తుంది. నీళ్లు తొలిపితే అది పోదు. విడదీసి సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. రోజుకొక కొత్తది అడిగి తీసుకోండి. ఫీడు సంచీ, దాని గొట్టమూ 24 గంటలకి మార్చాలి. చేతులు సబ్బుతో కడిగాకే కలపండి. చెయ్యి తుడవడానికి మంచం కడ్డీకి వేలాడే తువ్వాలు మాత్రం వాడకండి.

కలిపిన టైము ప్లాస్టరు ముక్క మీద రాసి గిన్నెకి అంటించండి. రాత్రి డ్యూటీ సిస్టరుకి తెలుగు రాకపోయినా, మీకు ఒడియా రాకపోయినా అంకెలు అర్థమవుతాయి.

పట్టేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచి, తర్వాత కూడా అరగంట పైనే అలా కూర్చోబెట్టండి. ఫీడు అయ్యాక సిస్టరు చెప్పినన్ని నీళ్లతో గొట్టం కడగండి.

కడుపు ఉబ్బినా, జ్వరమొచ్చినా, వాంతో విరేచనాలో మొదలైనా తర్వాతి ఫీడు ఆపి సిస్టర్ని పిలవండి. పడుతుండగా దగ్గు, ఆయాసం వస్తే అక్కడికక్కడే ఆపేయండి. మిగిలిన ఫీడు పారబోయకుండా టైము చీటీతో సహా చూపించండి.