చెత్తకుప్ప పక్కన బోరునీళ్లు: రెసిస్టివిటీ సర్వే ఇలా చేయండి

హైదరాబాద్ జవహర్‌నగర్ డంప్‌యార్డ్ ఉన్నది గ్రానైట్ నేల మీద. ఇలాంటిచోట చెత్తలోంచి ఊరే లీచేట్ పైనున్న మొరంలోకి, కింది రాతి పగుళ్లలోకి దిగుతుంది. అందులో లవణాలెక్కువ. కరెంటు సులువుగా పారుతుంది, రెసిస్టివిటీ (నేల కరెంటును అడ్డుకునే గుణం) పడిపోతుంది. దీన్ని కొలవడానికి నేలలో వరుసగా మేకులు (ఎలక్ట్రోడ్లు) కొట్టి కరెంటు పంపుతారు; ఆ వరుసే లైను.

మొదటి లైను చెత్తకు ఎగువన, శుభ్రమైన నేలలో వేయండి. అది లేకపోతే మిగతా అంకెలకు అర్థమే లేదు. తర్వాత దిగువన రెండు మూడు లైన్లు, నీటివాలుకు అడ్డంగా. 48 ఎలక్ట్రోడ్లు 5 మీటర్ల ఎడంతో పెడితే లైను 235 మీటర్లు; వెన్నర్ అమరికలో (సమాన దూరంలోని నాలుగేసి ఎలక్ట్రోడ్లతో కొలిచే పద్ధతి) సుమారు 39 మీటర్ల లోతు అందుతుంది.

ఎండాకాలం అసలు తంటా కాంటాక్ట్ రెసిస్టెన్స్, అంటే మేకుకూ ఎండిన నేలకూ మధ్య కరెంటుకు తగిలే అడ్డు. మేకు బాగా దిగ్గొట్టి, దాని చుట్టూ ఉప్పునీళ్లు పోసి, కాసేపాగి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే పక్కనే ఇంకో మేకు కొట్టి వైరుతో కలపండి. ఇనుప కంచె, పైపులైను వెంట మాత్రం లైను వద్దు. కరెంటు వాటిలోంచే పోతుంది.

గట్టి గ్రానైట్ వేల ఓమ్-మీటర్లు చూపిస్తుంది, లీచేట్‌తో తడిసిన పొర తరచూ 10-20 లోపు. తడి బంకమట్టీ అంతే! రిపోర్టులు బోల్తాపడేది ఇక్కడే. అందుకే తక్కువ చూపిన చోటి బోరునీటిలో ఈసీ (విద్యుత్ వాహకత), క్లోరైడ్ కొలవండి. రెండూ ఎగువ బోరుకన్నా బాగా ఎక్కువుంటేనే లీచేట్‌ను అనుమానించండి.