హూ గే నటజీవితాన్ని ఏ వరుసలో చూడాలి

చైనా చారిత్రక ధారావాహికలు లెక్కకు మించి ఉన్నందువల్ల, కొత్తగా చూడదలచినవారు ఒక నటుణ్ణి ఎంచుకొని అతని పాత్రల వెంట వెళ్లడం మేలు. 1982లో షాంఘైలో పుట్టి, అక్కడి నాటక అకాడమీలో చదువుకున్న హూ గే అందుకు తగినవాడు. చైనావారికీ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. కొన్ని చోట్ల దాన్ని తిరగేసి రాస్తారు కనుక వెతికేటప్పుడు రెండు విధాలుగానూ చూడాలి.

విడుదలైన వరుసలో మాత్రం చూడవద్దు. 2005లో అతనికి పేరు తెచ్చిన ‘చైనీస్ పాలడిన్’ వీడియో గేమ్ ఆధారంగా తీసిన మాయామంత్రాల కథ. అందులో అతనిది హుషారు కుర్రవాడి పాత్ర కావడంతో, దానితో మొదలుపెట్టినవారు అతణ్ణి తక్కువగా అంచనా వేసే ప్రమాదం ఉంది. 2015లో వచ్చిన 54 భాగాల ‘నిర్వాణ ఇన్ ఫైర్’ను ముందు చూడాలి. మొదటి భాగాల్లో పేర్లు కుప్పలుగా వచ్చిపడతాయి కాబట్టి చక్రవర్తి, రాకుమారులు, సేనానుల బంధుత్వాలను ఒక కాగితం మీద రాసుకోవాలి. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు అందుకోలేకపోతే వేగాన్ని 0.75కి తగ్గించుకోవచ్చు. బొబ్బిలి యుద్ధం బుర్రకథగా విన్న విజయనగరం జిల్లావారికి ఆ కథ వెనుక 1757 అనే సంవత్సరం, చూసి రాదగిన ఊరు ఉన్నాయి. ఈ ధారావాహికలోని లియాంగ్ రాజ్యం మాత్రం పేరుకే చరిత్రది, కథ కల్పితం. దీనిలో సంవత్సరాల కోసం వెతకనక్కరలేదు.

ద్రోహానికి బలైన సైన్యంలో ప్రాణాలతో మిగిలిన యువసేనాని, రూపమూ పేరూ మారి, రోగిష్టి వ్యూహకర్త మెయ్ చాంగ్సుగా రాజధానికి తిరిగి వచ్చి, చనిపోయినవారి మీద పడిన నిందను తుడిచివేయడమే కథ. కత్తి పట్టలేని కథానాయకుడు కావడంతో నటనంతా కళ్లలోనూ వేళ్లలోనూ సాగుతుంది. ఆలోచనలో పడినప్పుడు అతడు బట్టను వేళ్లతో నలపడం గమనించండి. పాత స్నేహితుడికి అనుమానం కలిగించే గురుతుల్లో అదీ ఒకటి. అతడు గొంతు పెంచే సందర్భాలు తక్కువ, అందుకే పెంచినప్పుడు ఆగి వినాలి. ఈ పాత్రకే 2016లో షాంఘై టెలివిజన్ ఉత్సవంలో ఇచ్చే మాగ్నోలియా ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది.

ఆ తరువాతే వెనక్కి వెళ్లాలి. 2006 ఆగస్టులో, ‘ద లెజెండ్ ఆఫ్ ద కాండోర్ హీరోస్’ చిత్రీకరణ సాగుతుండగా, చిత్రీకరణ స్టూడియోలున్న హెంగ్డియాన్ నుంచి షాంఘైకి వెళ్లే దారిలో జరిగిన కారు ప్రమాదంలో అతని సహాయకురాలు మరణించారు, అతని ముఖానికీ కంటికీ తీవ్ర గాయాలయ్యాయి. మరుసటి ఏడాది తిరిగి వచ్చి పని పూర్తిచేయగా ఆ ధారావాహిక 2008లో ప్రసారమైంది. ముఖం మారిన సేనాని పాత్రకూ ఈ ప్రమాదానికీ ముడిపెట్టి చూడాలనిపిస్తుంది గాని, అలా చూస్తే నటుడి సాధన మరుగున పడి జాలి ఒక్కటే మిగులుతుంది.

చివరగా, చారిత్రక వేషం విడిచి, 1990ల నాటి షాంఘై వ్యాపారిగా నటించిన ‘బ్లాసమ్స్ షాంఘై’ చూడాలి. వాంగ్ కార్-వై దర్శకత్వంలో ఇది 2023 డిసెంబరులో మొదలైంది. చైనా ధారావాహికల్లో చాలామందికి వేరేవారు గొంతు అరువిస్తారు. ఈ ధారావాహికకు షాంఘై యాసలో మాటలున్న రూపం కూడా ఉంది కనుక, దొరికితే అదే ఎంచుకోవాలి. ఉత్తరాంధ్ర యాస ఎరిగినవారికి, పుట్టిన ఊరి మాట నోట పడగానే నటుడి నడకలో కూడా వచ్చే సడలింపు సబ్‌టైటిళ్లు లేకుండానే తెలుస్తుంది.