వానాకాలంలో ఇంట్లో నిమ్మగింజ నాటేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

పులిహోరకు కోసిన నిమ్మకాయలోని గింజను తొలకరి పడగానే చిన్న కుండీలో నాటి, కిటికీ పక్కన పెంచుకోవాలని చాలామంది ముచ్చటపడతారు. అయితే ఈ కాలంలో నిమ్మ మొలకలు ఎండిపోవడం అరుదు, నీరెక్కువై కుళ్లిపోవడమే ఎక్కువ. అందువల్ల గింజ నాటకముందే కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి.

బాగా పండి పసుపు రంగుకు తిరిగిన కాయనే ఎంచుకోండి. వంగ, టమాటా విత్తనాల్లాగా నిమ్మగింజలను ఎండబెట్టి దాచిపెడితే మొలకెత్తే శక్తి త్వరగా తగ్గిపోతుంది కనుక, గింజ మీది జిగురు పోయేదాకా కడిగి ఆ రోజే అర అంగుళం లోతున నాటడం మేలు. జిగురు మిగిలితే దానికి బూజు పడుతుంది. మొలక రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. ఈలోగా మట్టి తవ్వి చూడకండి.

కుండీ చిన్నదైనా ఆరు అంగుళాల లోతు ఉండాలి, ఎందుకంటే నిమ్మ తల్లివేరు ముందుగా నేరుగా కిందికి దిగుతుంది. అడుగున రంధ్రం తప్పనిసరి. ఎర్రమట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. పచ్చి పేడ మాత్రం వేయకూడదు. కింది పళ్లెంలో నిలిచిన నీటిని ఎప్పటికప్పుడు పారబోయకపోతే వేర్లు కుళ్లడమే కాకుండా, డెంగీని మోసే దోమలు కూడా అందులోనే పెరుగుతాయి.

అన్నిటికంటే భయపడవలసింది నారుకుళ్లు తెగులు. నిన్న నిటారుగా ఉన్న మొలక, ఈ రోజు మట్టిని ఆనుకున్న చోట కాండం గోధుమరంగుకు మారి, దారంలా సన్నబడి, ఆకులింకా పచ్చగా ఉండగానే పక్కకు ఒరిగిపోతుంది. అలా ఒరిగినది ఇక నిలబడదు కాబట్టి చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి పారేయాలి. మిగిలినవాటి మొదళ్లు తడిసేలా లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంద్రనాశక మందు కలిపి పోయాలి. ఆ మందును పిల్లలకు అందనివ్వకూడదు, చేతికి తొడుగు లేకుండా కలపకూడదు. అసలు ఈ తెగులు రాకుండా ఉండాలంటే, వేలిని మట్టిలోకి ఒక కణుపు లోతు దించి, పొడిగా తగిలినప్పుడే నీరు పోయడం అలవాటు చేసుకోవాలి. ముసురు పట్టిన వారంలో ఒక్కసారి పోసినా చాలవచ్చు.

ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తే కంగారుపడకండి, నిమ్మకు అది సహజమే. వాటిలో ఎక్కువ భాగం తల్లిచెట్టు లక్షణాలతోనే పెరుగుతాయి. బలహీనమైనదాన్ని పీకితే పక్కదాని వేర్లు కదులుతాయి కనుక కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. కాపుకు మాత్రం కొన్నేళ్లు ఓపిక పట్టాలి.

మొక్కను ఒక్కసారిగా వానలోకి మార్చకండి. తడిసిన లేత ఆకులకు, గరుకు మచ్చలు తెచ్చే గజ్జి తెగులు సులభంగా అంటుకుంటుంది. కిటికీ తెరిచి ఉంచే ఇళ్లలో సీతాకోకచిలుక వచ్చి చిగుళ్ల మీద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది కనుక, ఆకు మీద అలాంటి మరక కనిపిస్తే పుల్లతో కదిపి చూసి, పురుగైతే వెంటనే ఏరివేయండి.